ఖాళీ గుంటల్లో వెలుగు

కొత్త మొగుడు పో-హాన్ గిన్నెలోంచి చేపముక్కను యా-జున్ దొంగిలిస్తుండగా ఆమె ఫోన్ మోగింది. ల్యాబులో ఆమె గురువు, ప్రొఫెసర్ ల్యావ్.

"అమ్మాయ్! పొద్దున నీ మైక్రో ఆర్‌ఎన్‌ఏ అణువు ఆ జన్యువు నోరు నొక్కేసింది! ఇవాళ నా ఎదుట ఇంకోసారి చేసి చూపించు, రేపట్నుంచి సెలవు."

సెలవంటే పెంగ్-హూ దీవికి ప్రయాణం! ఆకలిగొన్న దయ్యాలు లోకంలో తిరుగుతాయనే ఈ దయ్యాల నెలలో సముద్రమంటే అందరికీ హడలు కాబట్టి ఓడలో కిటికీ సీట్లే దొరికాయి.

ఇద్దరూ వెళ్లేసరికి ల్యాబు నేలమాళిగలో, చీకటి గదిలో కాంతిని కొలిచే యంత్రం సన్నగా మూలుగుతోంది. జన్యువుకు మిణుగురు వెలుగును ముడివేస్తారు; నోరు నొక్కేస్తే వెలుగు తగ్గుతుంది. యంత్రం మొరాయించకుండా దాని నెత్తిన ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ పెట్టడం ఆ ఊరి ల్యాబులన్నిటి ఆచారం. దాన్ని ఎవరూ తినకూడదు.

చిన్న చిన్న గుంటలున్న తెల్ల పలకను యా-జున్ సిద్ధం చేస్తుంటే, పో-హాన్ టార్చి వేసి ఫోటోలు తీశాడు. "పెళ్లి ఆల్బమ్‌లో పెడదాం!"

పలక లోపలికి వెళ్లింది. అంకెలు చూసి యా-జున్ ఇంకా దగ్గరికి వంగింది. ఏమీ పోయని ఖాళీ గుంటలు కూడా వెలుగుతున్నాయి.

తలెత్తితే ప్యాకెట్ చినిగి ఖాళీగా ఉంది. పో-హాన్ ఏదో నములుతున్నాడు.

"తినేశావా? ఇప్పుడు సెలవు గోవిందా!"

"అది కాదే..."

"మాట్లాడకు! పరిగెత్తి ఇంకోటి పట్రా!"

కొత్తది పెట్టి మళ్లీ కొలిస్తే ఖాళీ గుంటల వెలుగు కాస్త తగ్గింది. "యంత్రం ఒప్పుకుంది!" పో-హాన్ ఇంకోటి తెచ్చాడు, ఇంకాస్త తగ్గింది. ఆరో ప్యాకెట్‌తో గాలి రంధ్రాలు మూసుకుపోయి యంత్రం దగ్గి ఆగిపోయింది. ప్రొఫెసర్ తలుపు తీసేసరికి ఇద్దరూ దానిముందు చేతులు జోడించి ఉన్నారు.

సంగతి విని ఆయన నవ్వాడు. "తెల్ల పలక టార్చి వెలుతురు తాగి కాసేపు కక్కుతుంది. మీరు ప్యాకెట్లు మోసేలోపు అదే చల్లారింది. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు!"

ప్యాకెట్లన్నీ తీసి, యంత్రాన్ని మళ్లీ నడిపి కొలిస్తే ఖాళీ గుంటలు చీకటి. ఫలితం ఉదయం లాగే ఉంది. ఆయన యంత్రం ఆపేసి, "సెలవు నీదే. కానీ బాబూ, ప్యాకెట్ తినడం మాత్రం తప్పు," అన్నాడు.

"నేను తినలేదండీ. నేను నమిలింది పెళ్లి కేకు. మేమొచ్చేసరికే అది చినిగి ఉంది. చెబుదామంటే మీ శిష్యురాలు నోరెత్తనిస్తేగా!"

అంతలో ఆపేసిన యంత్రం లోపల ఏదో కరకరమని నమిలిన చప్పుడు.

ప్రొఫెసర్ మెల్లగా తలుపు దాకా వెనక్కి నడిచాడు.

"మీ ఓడలో ఇంకో సీటుంటుందా? రేపు పొద్దున్నే నేనూ రేవుకి వచ్చేస్తా."