అతుక్కున్న దండం

ఆ రోజు ఎవరికీ దండం పెట్టకూడదని వడ్రంగి పొద్దున లేస్తూనే నిశ్చయించుకున్నాడు. తను పనిచేసే ఫర్నిచర్ షాపులో పెద్దమేస్త్రీ పని మానేసి వెళ్ళిపోయాడు. ఆ స్థానం యజమాని బావమరిదికి పోకముందే నిటారుగా నిలబడి, తనకిమ్మని అడగాలి. "చేతులు జోడించి నిలబడకండి. అందుకే ఇన్నాళ్ళూ మిమ్మల్నెవరూ లెక్కచెయ్యలేదు" అంది భార్య. అందులో అబద్ధమేమీ లేదు.

ఉద్యోగం అడగబోయే మనిషికి చెప్పు అడుగు ఊడి వేలాడుతుంటే బాగుండదని, అంటించడానికి కూర్చున్నాడు. ట్యూబు పక్కనుంచి చిట్లి జిగురు అరచేతినిండా పడింది. బుద్ధెరిగినప్పటి నుంచీ జిగురుతో బతుకుతున్న మనిషి, ఆ కంగారులో చంటిపిల్లాడిలా రెండు చేతులూ రుద్దుకున్నాడు. అంతే, చక్కటి నమస్కారం ఒకటి గుండెల ముందు బిగుసుకుపోయింది.

వేణ్ణీళ్ళు, నూనె, సబ్బు అన్నీ అయ్యాయి. చర్మం ఎర్రబడిందే తప్ప చేతులు ఊడిరాలేదు. షాపులో థిన్నర్ ఉంటుంది, దాంట్లో ముంచితే వస్తాయి. కానీ సంగతి బయటపడితే? జిగురు తన చేతులకే అంటించుకున్నవాణ్ణి పెద్దమేస్త్రీని ఎవరు చేస్తారు? ఎవరడిగినా చెప్పొద్దని ఒట్టు వేయించుకుని భార్య తలుపు తీసి పంపింది.

మెట్ల మీద కింది వాటా పెద్దాయన ఎదురయ్యాడు. నీళ్ళు కారే గొట్టం దగ్గర గొడవై ఇద్దరికీ మాటల్లేవు. జోడించిన చేతులు చూడగానే ఆయన కళ్ళు చెమర్చాయి. తప్పు ఒప్పుకునే మనసు ఎందరికుంటుందంటూ వడ్రంగిని కౌగిలించుకుని, ఆ గొట్టమేదో నువ్వే బాగుచేయించు, పాతవన్నీ మర్చిపోదాం అన్నాడు. కాదంటే అసలు సంగతి చెప్పాలి. వడ్రంగి తల దించుకుని సాగిపోయాడు.

వెనకవైపు నుంచి థిన్నర్ డబ్బా దగ్గరికి జారుకుందామనుకుంటే, యజమాని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పక్కనే బావమరిది.

"నీకోసమే చూస్తున్నానయ్యా. వీడికి ఉలికీ సుత్తికీ తేడా తెలీదు. పెద్దమేస్త్రీగా నువ్వే ఉండు" అంటూ యజమాని సామాను గది తాళాలు అందించాడు.

అడక్కుండానే వచ్చిన అదృష్టం వడ్రంగి ముక్కు ముందు వేలాడుతోంది. చేతులు మాత్రం కదల్లేదు.

"మీ దయ సార్."

"దయ సంగతి తర్వాత. ముందు తాళాలు తీసుకో."

వడ్రంగి ఇంకాస్త వంగాడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఆ కన్నీళ్ళు చూసి యజమాని మొహం మాడ్చుకున్నాడు. బాధ్యత అనగానే భయపడి దండం పెట్టేసేవాణ్ణి బలవంతం చేయడమెందుకని తాళాలు బావమరిది చేతిలో పడేశాడు.

వడ్రంగి వెనక గదికి పరుగెత్తి థిన్నర్‌లో మణికట్ల దాకా ముంచాడు. ప్రాణం పోయినంత పనై చేతులు విడివడ్డాయి. అలాగే కారుతున్న చేతులు చాచుకుని యజమాని ముందుకొచ్చి, "ఇవ్వండి సార్, నేను చేస్తాను" అన్నాడు.

"ఇందాక వద్దని దండం పెట్టావు. వాడికిచ్చేశాక చెయ్యి చాస్తున్నావు. అంత అసూయ పనికిరాదయ్యా" అని యజమాని లోపలికి వెళ్ళిపోయాడు.

నిజం చెబుదామన్నా ఇప్పుడు చూపించడానికి చేతుల మీద జిగురు లేదు. ఇంటికెళ్ళి ఆవిడకేం చెప్పాలో తెలియక వడ్రంగి చెక్కపొట్టులో కూలబడ్డాడు. ఇంతలో కొత్త పెద్దమేస్త్రీ తాళాలు గలగలలాడిస్తూ వచ్చాడు. పనివాళ్ళందరూ లేచి దండం పెట్టారు. వడ్రంగీ లేచాడు.

చేతులు ఇట్టే కలిశాయి, ఇట్టే విడిపోయాయి.