ఒక పెద్ద దెబ్బ, రెండు చిన్న దెబ్బలు

ఆ పొద్దున అంజనమ్మ మనవరాలి సంచి సర్దుతోంది. టవలు, చిత్రాన్నం డబ్బా, దేవుడి కుంకుమ పొట్లం. అంబిక బాగేపల్లి నుంచి బెంగళూరుకు పోయి డచ్చి భాషలో మాట్లాడే పరీక్షకు కూర్చోవాలి. నెగ్గితేనే హాలెండు పూలతోటలో పనిచేసే మొగుడు అమరనాథ్ దగ్గరికి పోవచ్చు. ఒకసారి తప్పింది. మళ్లీ తప్పితే కాపురం ఎప్పటికో. నెగ్గితే పిల్ల కళ్లకు దూరం. అంజనమ్మకు రెండువైపులా భయమే.

అంబికకు చిక్కంతా జంటమాటలతోనే. డచ్చిలో స్లాప్ అంటే నిద్ర, కామర్ అంటే గది, కలిపితే పడకగది. స్లాప్-కా-మర్ అని విరిచి, మొదటి ముక్క మీద బరువు వేయాలి. అంబిక మూడింటినీ ఒకే బరువున పలుకుతుంది.

"నేను తాళమేస్తా, నువ్వు పలుకు పాపా. మొదట్లో దిగు, తర్వాత జారుకో" అంటూ అంజనమ్మ కంచు పళ్లెం మీద గరిటెతో ఒక పెద్ద దెబ్బ, రెండు చిన్న దెబ్బలు వేసింది.

ఆ వీధిలో శవం ముందు దాసయ్య జేగంట కొట్టేదీ అదే వరసలో. పైగా అంజనమ్మ భర్త లక్ష్మణప్ప జ్వరం మాత్ర మింగి, అరుగు మీద తలదాకా దుప్పటి కప్పుకొని ఒళ్లెరగక పడుకున్నాడు. ఎదురింటి శశికళ విన్నది, చూసింది, ఊరూరికీ ఫోన్లు చేసింది.

గడపంతా జనం. చావింట్లో పొయ్యి వెలిగించరు కనుక గిన్నెలతో అన్నం, చారు తెచ్చారు. ఆయన బతికే ఉన్నాడని అంజనమ్మ మొత్తుకుంటే, పాపం మతి చెదిరిందని మరింత గట్టిగా కావలించుకున్నారు. అంబిక ఆ గుంపును దాటేలోగా బస్సు వెళ్లిపోయింది. ఇంకో బస్సు పట్టినా పరీక్ష వేళకు అందదు.

అప్పుడే మిట్టేమరి నుంచి కారులో గంగప్ప దిగాడు. లక్ష్మణప్ప తమ్ముడు, ఒంటిగాడు. పొలం గట్టు తగాదాతో ఏళ్లుగా అన్నతో మాటల్లేవు. పూలదండతో వచ్చి అన్న కాళ్ల మీద పడి భోరుమన్నాడు. లక్ష్మణప్ప దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు.

"ఎవురురా పొయ్యింది?"

"నువ్వేన్నా."

సంగతి విని లక్ష్మణప్ప తమ్ముణ్ణి భుజం పట్టి లేపాడు. "ఆ దండ పాపకెయ్యి. కారుండాది గదా, బెంగళూరికి తీసకపో."

ఏడవడానికొచ్చిన వాళ్లంతా అంబికను దీవించి కారెక్కించారు. గంగప్ప దారిపొడుగునా స్టీరింగు మీద తాళం వేశాడు. అంబిక నెగ్గింది. ఆ రోజు ఏడ్చిన ప్రతి ఇంటికీ అంజనమ్మ పోయి దండం పెట్టి వచ్చింది, శశికళ ఇంటికి రెండుసార్లు.

అంబిక విమానమెక్కింది, మరుసటేడు సెలవుల్లో వచ్చి చూసి పోయింది. గంగప్ప అన్న పక్కనే మంచం వేసుకున్నాడు. 2023 జూన్‌లో చావుకని మిట్టేమరి వదిలినవాడు, మళ్లీ ఆ ఊరికి తిరిగి పోలేదు.