జ్ఞాపకశక్తి పరీక్షకు ప్రశ్నపత్రం లీకు

సోమవారం పొద్దున పదింటికి హెడ్మాస్టరుగారికి పరీక్ష. రిటైరై ఎనిమిదేళ్ళయింది కాబట్టి, ఈసారి ఆయన పెట్టేది కాదు, రాసేది. మతిమరుపు ముదరక ముందే కనిపెట్టి చెప్పే క్లినిక్కు ఒకటుందని లాయరుగా చేస్తున్న ఆయన కూతురు పేరు రాయించింది.

కారణం స్కూటరు. పోయిన వారం ఆయన లైబ్రరీకి స్కూటరు మీద వెళ్ళి, ఏదో ఆలోచిస్తూ నడిచి ఇంటికొచ్చారు. సాయంత్రం స్కూటరు కనబడకపోయేసరికి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. వాళ్ళు దాన్ని లైబ్రరీ మెట్ల పక్కనే పట్టుకున్నారు. ఆ రోజు నుంచీ తాళం కూతురి హ్యాండ్‌బ్యాగులో ఉంది.

"పరీక్షలో అంతా బాగుంటే తాళం మీదే నాన్నా. లేదంటే ఇక బస్సే," అంది కూతురు.

ఆయన పైకి నవ్వేశారు గానీ, లోపల బెంగ పట్టుకుంది. స్కూటరు లేకపోతే నడవొచ్చు. మతే లేకపోతే?

ఆ బెంగతోనే పొద్దున్నే ముంగిట్లోకి వచ్చారు. ప్రహరీగోడ అవతల పక్కింటి రిటైర్డు పోస్ట్‌మ్యాన్ ఏదో గొణుక్కుంటూ పచార్లు చేస్తున్నాడు. అతనికీ అదే క్లినిక్కులో పరీక్ష అని హెడ్మాస్టరుగారు విని ఉన్నారు.

"ఏమిటయ్యా, అంతగా గుర్తు చేసుకుంటున్నావు?"

"ఏం చెప్పమంటారు మాస్టారూ! అయిదు పేర్లు చెప్పి, మర్చిపోవద్దని ఒకటే హెచ్చరిక. ఏనుగు, నిచ్చెన, సబ్బు, గొడుగు, గంట."

హెడ్మాస్టరుగారు గోడకు దగ్గరగా జరిగారు. ప్రశ్నపత్రం! ముప్ఫైమూడేళ్ళ సర్వీసులో పిల్లల చొక్కా చేతుల్లోంచి, సాక్సుల్లోంచి, ఒకసారైతే జడలోంచి చీటీలు లాగిన మనిషి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"ఇంకొక్కసారి చెప్పు."

తర్వాత బాత్రూంలోకి దూరి, గడియ పెట్టుకుని వల్లె వేయడం మొదలుపెట్టారు. టవలు ఇవ్వడానికి వచ్చిన భార్య తలుపు దగ్గర ఆగిపోయింది.

"ఏమండీ, ఎవరితో మాట్లాడుతున్నారు?"

"ఎవరూ లేరు! ఏనుగు వెనకాల ఉన్నది జారిపోయింది, నువ్వు కాస్త ఆగు!"

ఆవిడ ఆగలేదు. కూతురికి ఫోను చేసింది. "మీ నాన్న బాత్రూంలో ఏనుగును పెట్టుకున్నారే!"

కూతురు ఆ రోజు కోర్టులో వాయిదా అడగమని జూనియరుకు చెప్పి పరుగెత్తుకొచ్చింది. దారిలోనే క్లినిక్కుకు ఫోను చేసి, నాన్నకు లేని జంతువులు కనిపిస్తున్నాయని చెప్పి, పరీక్షను అరగంట ముందే పెట్టించింది.

అందుకే క్లినిక్కులో సైకాలజిస్టు మొదటి ప్రశ్నే వేరేగా అడిగింది. "సార్, వచ్చేటప్పుడు దారిలో జంతువులేమైనా కనిపించాయా?"

ఇది లీకైన పేపర్లో లేదు. "రెండు కుక్కలు, ఒక పిల్లి," అన్నారు ఆయన నిజాయితీగా.

"నాకు పిల్లి కనబళ్ళేదే!" అంది భార్య. ఆవిడ కళ్ళలో అప్పుడే నీళ్ళు తిరిగాయి.

"సరే సార్. ఇప్పుడు అయిదు మాటలు చెబుతాను. జాగ్రత్తగా..."

"ఏనుగు, నిచ్చెన, సబ్బు, గొడుగు, గంట!"

సైకాలజిస్టు పెన్ను కింద పెట్టింది.

"నేనింకా ఏ మాటా చెప్పలేదు సార్. ఇవన్నీ మీకెవరు చెప్పారు?"

తోటి మనిషిని పట్టివ్వడం ఆయనకు ఇష్టం లేకపోయింది. "గోడలోంచి వినిపించాయి," అన్నారు.

సైకాలజిస్టు కొత్త కాగితం తీసుకుని గబగబా రాయసాగింది. భార్య బావురుమంది. నలభైయేళ్ళుగా ఆవిడ ఏడుపు తట్టుకోలేని మనిషి, చేతులు కట్టుకుని లేచి నిలబడ్డారు.

"కాపీ కొట్టానమ్మా. పక్కింటి పోస్ట్‌మ్యాన్ పేపరు చెప్పాడు. నన్ను డిబార్ చెయ్యండి."

కూతురికి సాక్ష్యం లేనిదే నమ్మకం కుదరదు. అక్కడికక్కడే పోస్ట్‌మ్యాన్‌కు ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"పరీక్షా? నాది రేపు కదమ్మా!" అన్నాడతను. "ఆ అయిదూ మా ఆవిడ తెమ్మన్న సామాన్లు. మనవరాలికి ఏనుగు బొమ్మ, ఇంకా ఏవో. గంట నుంచి మార్కెట్లో నిలబడ్డాను, మిగతావి గుర్తు రావట్లేదు. మాస్టారికేమైనా గుర్తున్నాయా?"

"నిచ్చెన, సబ్బు, గొడుగు, గంట," అన్నారు హెడ్మాస్టరుగారు, తడుముకోకుండా. "గంటంటే గుమ్మానికి తగిలించేది కాబోలు, ఆవిడ్నే అడుగు. రేపు క్లినిక్కుకు నేనే తీసుకొస్తాను, బయల్దేరి ఉండు."

సైకాలజిస్టు రాసిన కాగితాలు రెండూ చించేసింది. "కాపీకి మా దగ్గర శిక్షా లేదు సార్, మార్కులూ లేవు. కూర్చోండి, అసలు పరీక్ష చేద్దాం."

ఈసారి మాటలు వేరు. ఆయన వాటినీ చెప్పారు, బొమ్మలూ గీశారు, లెక్కలూ చేశారు. ముప్ఫైకి ఇరవై ఎనిమిది వచ్చాయి.

"స్కూటరు సంగతి పరధ్యానం అయ్యుంటుంది. ఇప్పటికైతే కంగారు పడాల్సింది కనిపించలేదు. ఏడాది తర్వాత మళ్ళీ చూద్దాం," అంది సైకాలజిస్టు. భార్య కళ్ళు తుడుచుకుంది. కూతురు తాళం తీసి తండ్రి చేతిలో పెట్టి, "పదండి నాన్నా, ఇంటికి," అంది.

ఆయన తాళం జేబులో వేసుకున్నారు గానీ కదల్లేదు. తెల్లకాగితం అడిగి తీసుకుని, పోయిన రెండు మార్కులకు రీవాల్యుయేషన్ దరఖాస్తు రాస్తున్నారు.