గడప బయట నిలబడ్డ ప్లంబరు

నా కోపం సంగతి మీకు తెలియదు. నేనొకసారి కళ్ళెర్రజేస్తే కారే కుళాయి కూడా నోరు మూసుకుంటుంది.

మా వంటింటి కుళాయి మూడు వారాలుగా కారుతోంది. ప్లంబరు మా పైవాటాలోనే అద్దెకుంటాడు. కానీ వాడు మా గడప తొక్కకూడదని నేనే శపథం చేశాను. "మీకు పానా పట్టుకోవడమే రాదు బాబాయ్" అన్నాడు మరి, నలుగురిలో!

"మీ శపథం వచ్చి నీళ్ళెత్తి పోస్తుందా? గిన్నె నిండినప్పుడల్లా పరిగెత్తేది నేను!" మా ఆవిడ గరిటె విసిరినంత పని చేసింది. "ఇవాళ దాని సంగతో, మీ సంగతో తేలిపోవాలి!"

"నేనే మారుస్తా. చూస్తూ ఉండు!"

"చూస్తాను. తరవాత తుడిచేదీ నేనేగా!"

కొత్త కుళాయి కొనుక్కొచ్చి డాబా ఎక్కాను. ట్యాంకు దగ్గర రెండు వాల్వులు. ఒకటి మాది, ఒకటి పైవాటాది. ఏది ఎవరిదో పెళ్ళాన్ని అడిగితే పరువేం కాను? కాస్త పొగరుగా కనిపించినదాన్ని మూసేసి దిగాను. పాత కుళాయికి పానా తగిలించి, ప్లంబరు మెడ అనుకుని మరీ తిప్పాను.

అది ఊడి ఎగిరిపోయింది. వెనకే నీళ్ళొచ్చి నన్ను చెడామడా కడిగేశాయి. నా కోపానికి జడిసే కుళాయి ఇంకా పుట్టలేదని అప్పుడే తెలిసింది. అరచెయ్యి అడ్డం పెట్టి కేకేశాను.

"మా నీళ్ళు కట్టేసిందెవరు?" గుమ్మం బయట ప్లంబరు! నడుముకి తువ్వాలు, తలనిండా సబ్బు నురగ.

"అక్కడ నిలబడ్డావేంరా, లోపలికి తగలడు!"

"ఎలా బాబాయ్? గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నారుగా!"

"ఏమే, నువ్వన్నా వెళ్ళి వాల్వు కట్టెయ్యవే!"

మా ఆవిడ కదల్లేదు. "మన వాల్వుకి ఎర్రగుడ్డ కట్టి పదేళ్ళయింది. కనబడలేదూ? ముందు అతన్ని మర్యాదగా పిలవండి. అప్పుడెక్కుతా మెట్లు."

"చచ్చినా పిలవను!"

"నీళ్ళు హాల్లోకొచ్చాయి."

"నాయనా... తప్పు నాదే. దయచెయ్యి" అన్నాను, పళ్ళు పటపటా కొరుకుతూనే.

ఆవిడ పైకెళ్ళి వాల్వు కట్టింది. వాడు ఐదు నిమిషాల్లో కుళాయి బిగించాడు.

ఇందులో తువ్వాలూ, సబ్బు నురగా మాత్రం నా కల్పన. నిజానికి వాడు ఇస్త్రీ చొక్కాలో, సామాన్ల సంచీతో వచ్చాడు. నేను డాబా ఎక్కకముందే మా ఆవిడ వాడికి కబురు పెట్టి, నేను దిగి వంటింట్లోకి రాగానే మెట్లమీద కూర్చోబెట్టిందట.