తొమ్మిదో చుట్టు

లోయలో ఒవో అనే పవిత్రమైన రాళ్ల గుట్ట పూజకు బయలుదేరే ఉదయం నొర్జ్‌మాకూ ఆమె భర్త దమ్దిన్‌కూ మాంసం కొట్టే దుంగ దగ్గర మాట పెరిగింది. అది ఆమెకు అమ్మ ఇచ్చిన దుంగ. ఇరవై రెండేళ్లుగా రోజూ ఉప్పుతో తోమి, వేడినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి చూసుకుంటోంది. అలాంటిది గుడారం బయట, పాత రష్యా వ్యాను చక్రం కింద, పేడలో కనపడింది.

"ఏమయ్యా, హ్యాండ్‌బ్రేకు ఉన్న బండికి నా దుంగ దేనికి?"

"రాత్రంతా పట్టుకుని ఉంటే హ్యాండ్‌బ్రేకు మాత్రం అలిసిపోదూ?"

"మరి కాలి బ్రేకు?"

"దానికేం, నిక్షేపంలా ఉంది. మూడుసార్లు తొక్కితే పట్టేస్తుంది."

ముప్పై ఏళ్ల ఆ వ్యాను అంటే దమ్దిన్‌కు ప్రాణం. దానికి స్టార్టరు చచ్చి రెండేళ్లయింది. అందుకే రోజూ ఏటవాలు మీద ఆపి, పొద్దున్నే దొర్లించి ఇంజను లేపుతాడు. వాలు లేని చోట మనుషులు తోయాలి. నిరుడు పూజ దగ్గర అలాగే తోయించాడు. అప్పుడే అతని అన్న గొంబో, ఇంటికి పెద్దవాడు, నడుం పట్టుకుని అందరి ముందూ తేల్చేశాడు: "ఇంకొక్కసారి ఈ డొక్కును తోయాల్సొస్తే, ఆ రోజే పాత ఇనుముకు వేసేస్తా." గొంబో మాటకు ఆ ఇంట్లో తిరుగు లేదు.

నొర్జ్‌మా దుంగ లాగగానే బండి దొర్లింది, ఇంజను లేచింది. ఆమె పరుగున ఎక్కి కూర్చుంది. ప్రయాణం క్షేమంగా సాగాలని చిన్న కూతురు గరిటెతో బండి వెనక పాలు చిలకరించింది. నొర్జ్‌మా ఫ్లాస్కులోని వేడినీళ్లతో దుంగను తుడిచి, శుభ్రమైన గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

కనుమ దాటి దిగడం మొదలుపెట్టాక దమ్దిన్ మాటలు తగ్గాయి. కాలు మాత్రం ఊరుకోవడం లేదు.

"పట్టిందా?" అంది నొర్జ్‌మా.

"ఏడోసారి తొక్కుతున్నా."

"ఇప్పుడు పట్టిందా?"

"నేలను పట్టింది."

గేర్లు దించుకుంటూ, బండి మూలుగుతూ ఉంటే ఎలాగో లోయలోకి దిగారు. ఎదురుగా నీలి పట్టుగుడ్డలు కట్టిన రాళ్ల గుట్ట, ఒవో. దాని పక్కన జనం, గుర్రాలు, మంత్రాలు చదువుతున్న ముసలి లామా. అందరికంటే ముందు గొంబో, అతని కొత్త తెల్లకారు. వాళ్ల వెనక ఏరు.

"ఇంజను ఆపెయ్యవయ్యా!"

"ఆపితే మళ్లీ తోయాలి. అన్నయ్య చూస్తున్నాడే! నన్ను చంపు గానీ ఆపమనకు." అక్కడి వాలు బండిని దొర్లించడానికి చాలుతుంది, ఇంజనును లేపడానికి చాలదు. ఖాళీ ఉన్నది ఒవో చుట్టూరానే. దమ్దిన్ స్టీరింగు తిప్పాడు.

"అటు కాదు! ఒవో కుడిచేతి వైపు ఉండాలి! అటు తిరిగావంటే ఈ లోయలో మనకెవరూ టీ నీళ్లు కూడా పొయ్యరు!"

మూడు చుట్లు తిరిగి దిగడం అందరూ చేసేదే. వ్యాను నాలుగో చుట్టు మొదలుపెట్టేసరికి లామా టీ గిన్నె కింద పెట్టాడు. అయిదో చుట్టులో ఎవరో కిటికీలోంచి గుర్రపు పాల గిన్నె అందించారు. నొర్జ్‌మా తాగి, గిన్నెను తను తొడుక్కున్న పొడవాటి దెల్ అంగీ అంచుతో తుడిచి, ఆరో చుట్టులో తిరిగి ఇచ్చేసింది.

"ఎన్ని చుట్ల మొక్కు తల్లీ?" అంటూ ఒక ముసలమ్మ పక్కనే నడిచింది.

నొర్జ్‌మాకు అబద్ధం చేతకాదు. "ఆగేదాకా, అవ్వా."

"ఆగేదాకా అట!" అన్న మాట జనంలో పాకింది. మోటారు సైకిళ్లు వెనక చేరాయి, గుర్రాలు వాటి వెనక. తమ్ముడు ఆరు తిరిగాడు, అన్న మూడుతో సరిపెట్టుకుంటే పరువేం కావాలి? గొంబో తెల్లకారెక్కాడు. తమ్ముణ్ణి దాటబోయి, ఎనిమిదో చుట్టులో ఊటనేల మీదికి పోనిచ్చి, ఇరుసుదాకా బురదలో దిగబడ్డాడు.

"దుంగ వెయ్యి!" అన్నాడు దమ్దిన్, తొమ్మిదో చుట్టు ముగుస్తుండగా, దిగబడ్డ అన్నను చూసి.

"నా దుంగా? మట్టిలోనా?"

"నొర్జ్‌మా, నా కోసం ఒక్కసారి."

రెండు కాన్పులకూ మంచులో ఆమెను ఆస్పత్రికి చేర్చింది ఈ డొక్కే. ఆ రెండుసార్లూ దుంగ ఇంట్లో వెచ్చగా కూర్చుంది. ఆమె గుడ్డ విప్పి, దుంగను నుదుటికి తాకించుకుని, నడుస్తున్న బండి దిగి, నాలుగడుగులు ముందుకు ఉరికి, చక్రం ముందు పెట్టింది. వ్యాను ఒక్క కుదుపుతో ఆగింది.

"తొమ్మిది!" అన్నాడు లామా. ఆ లోయవాళ్లకు అంతకు మించిన శుభసంఖ్య లేదు. అమ్మ ఇచ్చిన దుంగనే సమర్పించిందని తెలిసి ఎవరో దానికి నీలి కండువా కూడా కట్టేశారు.

పదిమంది తోసినా తెల్లకారు కదల్లేదు. "తమ్ముడూ," గొంబో గొంతు తగ్గింది, "నీ దగ్గర తాడుందా?"

తాడుంది. ఇంజనూ నడుస్తోంది. వాలు పైకి లాగడానికి బ్రేకులతో పనేముంది? డొక్కు ఒక్క ఊపులో కొత్తకారును గట్టెక్కించింది. జనం టోపీలెగరేశారు. నొర్జ్‌మా దుంగను మళ్లీ చక్రం కింద తనే, ఈసారి అడగకుండానే, పెట్టింది.

భోజనాల దగ్గర గొంబో, మోకాళ్లదాకా బురదతో, మొదటి ముక్క కోసి దమ్దిన్‌కు ఇచ్చాడు. "అందరూ వినండి. ఈ బండిని పాత ఇనుమన్నవాడి నాలుక కొయ్యాలి."

"అన్నది మీరే కదా, బావగారూ," అంది నొర్జ్‌మా.

"అయితే కొయ్యొద్దులే. బండి మన ఇంట్లోనే ఉంటుంది. ఇకనుంచి ఏటేటా తొమ్మిది చుట్లు. ముందు తమ్ముడి వ్యాను, దాని వెనకే మనమంతా."

దమ్దిన్ ఛాతీ రెండింతలైంది. నొర్జ్‌మా కూడా వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది.

"ఇంటికెళ్లగానే బ్రేకులు బాగుచేయిస్తా," అన్నాడతను ఆమె చెవిలో.

"చేయించు. వచ్చే ఏడు మూడో చుట్టుకే ఆగిపోతే మాత్రం నన్ననకు."

విందు ముగిసేదాకా పక్కనే వ్యాను ఇంజను నడుస్తూనే ఉంది.