సగం ధరకు చల్లని మిద్దె

ఆ వేసవిలో గంగాధరానికి ఒకే ఒక్క కోరిక మిగిలింది. మధ్యాహ్నం భోజనం చేసి గంటసేపు నిద్రపోవాలి. కర్నూలు ఎండకు మేడ మీది పడకగదిలో ఫ్యాను వడగాలినే తిప్పితిప్పి కొడుతోంది. అందుకే ఆ ఉదయం పోస్టులో వచ్చిన కార్డును కాఫీ చల్లారేదాకా చూస్తూ కూర్చున్నాడు. మిద్దెకు తెల్లరంగు వేస్తారట, ఇల్లు చల్లబడుతుందట, సగం ధరేనట, పది రోజులు చూసి నచ్చితేనే డబ్బులట. అదీ వీధికి ఒక్క ఇంటికే. చదువుతూనే ఆయన కళ్లు మూతలుపడ్డాయి. తెల్లటి మిద్దె కింద, నడి మే నెలలో, దుప్పటి ముసుగుతన్ని పడుకున్నట్టు కల.

"దొంగ కార్డేమో చూడండి," అని లేపింది భార్య సుందరలక్ష్మి.

"నాకు చెప్తాండావా? ముప్పై ఏండ్లు బట్టలంగడి నడిపినోణ్ణి. సగం ధర బోర్డు పెట్టేముందు అసలు ధర రెండింతలు చేసింది ఎవరనుకున్నావు?"

అదే ఆయన చిక్కు. తానెన్నడూ నిజమైన తగ్గింపు ఇచ్చినవాడు కాడు గనుక ఇంకొకరు ఇస్తారంటే నమ్మలేడు. కానీ ఆ కల వదలదు. పక్కింటి ఓబుళేశు దంపతులు ఒంటిమిట్ట కల్యాణానికి పోయారన్న సంగతి గుర్తొచ్చేసరికి ఉపాయం తట్టింది. కార్డులోని నంబరుకు ఫోన్ చేసి, తన ఇంటి నంబరుకు బదులు ఓబుళేశు ఇంటి నంబరు చెప్పాడు.

"తప్పు గదండీ," అంది సుందరలక్ష్మి.

"ఊరికే చూసిపోతారు లేవే. దొంగలైతే వాళ్ల వాలకం ఈడ నుంచే తెలిసిపోతాది. మంచోళ్లయితే మళ్లీ ఫోన్ చేసి మన ఇల్లు చెప్తా."

మర్నాడు పొద్దున్నే వ్యాను దిగిన నలుగురు మనుషులు బయటి మెట్ల మీదుగా ఓబుళేశు మిద్దె ఎక్కి ఊడవడం మొదలుపెట్టారు. గంగాధరం మేడ మీదికి ఉరికాడు. కిటికీలోంచి పలకరించాడు.

"ఏమప్పా, కొలతలకేనా వచ్చినారు?"

"పనికే సార్. ఫోన్ చేసినాయన శానా తొందర పడినాడంట. మీరేనా?"

"నాకేం తెల్దప్పా," అన్నాడు. ఆ మాట అన్నాక పని ఆపమనే దారి కూడా మూసుకుపోయింది. కిటికీ దగ్గరే కుర్చీ వేసుకుని, తన కల పక్కింటి మీద తెల్లగా పరుచుకుంటుంటే చూస్తూ ఉండిపోయాడు.

రెండు రోజులకు ఓబుళేశు తిరిగొచ్చాడు. ఇంట్లోకి పోయాడు, బయటికి వచ్చాడు, నేరుగా వచ్చి గంగాధరం చేతులు పట్టుకున్నాడు.

"రంగోళ్లు తలుపు సందులో చీటీ పెట్టిపోయినారన్నా. దాంట్లో నీ ఫోన్ నంబరు ఉండాది. వీధికి ఒక్క ఇల్లేనంట గదా. నీ ఇల్లు చూసుకోకుండా నాకు వేయిస్తివి. తోడబుట్టినోడు గూడా ఇంత చెయ్యడు. దుడ్లు నేను కట్టుకుంటాలే."

గంగాధరానికి సిగ్గుతో తల వాలిపోయింది. "అది కాదు ఓబుళేశూ, అసలు జరిగిందేమంటే..."

"నువ్వేం చెప్పొద్దన్నా. నీ మనసు నాకు తెల్సు."

ఆ మధ్యాహ్నం ఎండ ఓబుళేశు తెల్లమిద్దె మీద పడి, పైకి లేచి, గంగాధరం మేడ కిటికీలోంచి తిన్నగా పరుపు మీదికి వచ్చింది. ఉన్న కునుకు కూడా పోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే, మీ వీధిలో అయిపోయింది సార్ అన్నారు. కార్డులో ఉన్న ప్రతి మాటా నిజమేనని ఆయనకు అప్పుడు పూర్తిగా తెలిసింది.

ఆ ఎండకు కునుకు లేదని విని ఓబుళేశు ఊరుకోలేదు, తన ఇంట్లోనే పడుకోమన్నాడు. అందుకని గంగాధరం ఇప్పుడు రోజూ భోజనం కాగానే పక్కింటికి పోయి, ఆ చల్లదనంలో దుప్పటి ముసుగుతన్ని, కల కూడా రానంత హాయిగా నిద్రపోతున్నాడు. చాప మాత్రం తన ఇంటి నుంచే తీసుకుపోతాడు. ఒకరి సొమ్ము ఊరికే వాడుకోవడం ఆయనకు మొదటినుంచీ గిట్టదు.