పదిహేడో వరుస

ఒక కంటి ఆస్పత్రి ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే రోగుల కళ్లు చూడనక్కర్లేదు, వాళ్ల జాబితా చూస్తే చాలు. ఈ సత్యాన్ని వైద్యశాస్త్రం ఇంకా ఒప్పుకోలేదు గానీ, ఆ ఆస్పత్రి సూపరింటెండెంటుగారు ఎప్పుడో ఒప్పేసుకున్నారు.

శుక్లాల ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న మూడు వందల నలభై మంది జాబితా అది. ముగ్గురు గుమస్తాలు మూడేళ్లపాటు ఎవరికి తోచినట్టు వాళ్లు నింపిన షీటు. తేదీలు ఆరు రకాలు. పేరు గడిలో వయసు, వయసు గడిలో "పెద్దావిడ". ఫోన్ నంబరు చోట "పక్కింట్లో అడగండి". ఏ కన్ను అన్నచోట ఒకాయన "ఎడమ (నా వైపు నుంచి)" అని రాసి బదిలీ అయిపోయాడు. దానికితోడు సూపరింటెండెంటుగారికి గడులు కలిపేసి రంగులు వేయడం సరదా. (పసుపు అంటే అత్యవసరం. లేదా పసుపు ఆయనకిష్టం. ఏదన్నది ఇప్పటికీ తేలలేదు.) జాబితా బాగుపడేదాకా కొత్త పేర్లు తీసుకోవడం ఆపేశారు. రోగాలు ఆ సంగతి పట్టించుకోలేదు.

ఈ తలనొప్పంతా నాలుగో గుమస్తా నెత్తిన పడింది. ఆవిణ్ణి అందరూ షీటక్క అంటారు. వార్డుల నుంచి రోజూ వచ్చిపడే మార్పులతో పొద్దున్నే రెండు గంటలు కుస్తీ పడితే గానీ ఆ రోజు జాబితా తయారయ్యేది కాదు. చివరికి విసుగెత్తి ఒక మాక్రో చేసింది. మాక్రో అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. మనం చేసే పనిని కంప్యూటరు ఒకసారి చూసి గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాత బటన్ నొక్కినప్పుడల్లా తు.చ. తప్పకుండా అదే చేస్తుంది. ఎందుకని అడగదు. (అందుకే ఆ ఆఫీసులో ఇట్టే కలిసిపోయింది.) గడులు విడదీయడం, తేదీలు సరిచేయడం, రంగులు తుడవడం, వరుస నంబర్లు మళ్లీ వేయడం, అన్నీ కలిపి నాలుగు సెకన్లు.

జాబితా శుభ్రపడటమే కాదు, తరగడం కూడా మొదలుపెట్టింది. డాక్టరుగారు గురువారం గురువారం చేసేవి రెండే ఆపరేషన్లు. అయినా వారానికి ఎనిమిది పేర్లు తగ్గేవి. పై ఆఫీసు నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. ఎలా తగ్గుతున్నాయని ఎవరూ అడగలేదు. పెరిగితే అడిగేవాళ్లు.

అందరికన్నా సంబరపడింది షీటక్క అత్తగారు. ఆవిడది నలభై ఐదో నంబరు. జాకెట్లు కుట్టే మనిషికి రెండు కళ్లకీ శుక్లాలు ముదిరి, సూదిలో దారం ఎక్కించడమే గగనమైపోయింది. కోడలు రోజూ ఆఫీసుకి బయల్దేరే ముందు పది సూదులకి దారం ఎక్కించి, గుడ్డకి గుచ్చి పెట్టి వెళ్లేది. ఆ పదీ అయిపోతే ఆవిడ చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

సాయంత్రం గుమ్మంలోనే ప్రశ్న. "ఎంత, అమ్మాయ్?"

"ఇరవై నాలుగు, అత్తయ్యా."

"పోయిన వారమేగా ముప్పై రెండన్నావ్. నీ బటన్ చల్లగా ఉండాలి."

అడపాదడపా కౌంటరు దగ్గరికి ఎవరో ఒకరు వచ్చి తమ పేరు సంగతి అడిగేవారు. షీటక్క వెతికి చూసి, "మీ పేరు లేదండీ, ఆపరేషన్ అయిపోయుంటుంది," అనేది.

"అయిపోతే నాకు కనబడాలిగా తల్లీ," అన్నాడో పెద్దాయన, ఆవిడ పక్కనున్న బీరువాకేసి చూస్తూ. జాబితా ఇప్పుడు శుభ్రంగా ఉందని, పొరపాటుకి తావే లేదని ఆవిడ ఓపిగ్గా వివరించి పంపేసింది.

నాలుగో వారం ఒక సాయంత్రం అత్తగారి నంబరు పదిహేడు. ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన బట్టలు ఆవిడ అప్పుడే సంచిలో సర్దేసుకుంది. మర్నాడు పొద్దున షీటక్క బటన్ నొక్కి చూస్తే పదహారులో వేరే పేరు, పదిహేడులో ఇంకో పేరు. కింద దాకా వెతికినా అత్తగారు లేరు. మాక్రో తెరిచి ఒక్కో లైనూ చదివింది. మధ్యలో ఉంది: పదిహేడో వరుస తీసేయి.

అప్పుడు గుర్తొచ్చింది. మాక్రోకి పని చూపించిన రోజున, ఒకే పేరు రెండుసార్లు కనబడితే, పనిలో పనిగా రెండోది తనే తీసేసింది. అది పదిహేడో వరుసలో ఉంది. కంప్యూటరు అదీ రోజువారీ పనే అనుకుంది. అప్పట్నుంచి రోజుకో మనిషిని తీసేస్తూ వచ్చింది, బటన్ నొక్కిన షీటక్క వేలితోనే. బీరువాతో మాట్లాడిన పెద్దాయన గుర్తొచ్చి ఆవిడకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

తిన్నగా సూపరింటెండెంటుగారి గదిలోకి వెళ్లి జరిగిందంతా చెప్పింది. "సార్, ఆ లైను తీసేయాలి. పోయినవాళ్లందర్నీ మళ్లీ చేర్చాలి. అందులో మా అత్తగారు కూడా ఉన్నారు."

ఆయన సావధానంగా విన్నారు. "ఆ లైను తీసేస్తే జాబితా తగ్గదు కదమ్మా."

"ఆపరేషన్ చేయకుండా ఎందుకు తగ్గాలి సార్?"

"ఇలాంటి ప్రశ్నలు ఉత్తరం రాకముందు అడగాలి. ఇప్పుడది ఆమోదం పొందిన మాక్రో. వేరే ఆస్పత్రులకి కూడా పంపించాం. ఫలితం నచ్చి పైవాళ్లు ముప్పై నాలుగో వరుస కూడా కలపమంటున్నారు. నేనే వద్దన్నాను. ఎంతైనా మనకి మానవత్వం ఉండాలిగా."

షీటక్క కళ్లనీళ్లు చూసి ఆయన కరిగిపోయారు. కొత్త పేర్లు తీసుకోకూడదన్న నియమాన్ని సిబ్బంది కుటుంబమన్న కారణంతో సడలిస్తూ, అప్పటికప్పుడు ప్రత్యేక అనుమతి రాసి సంతకం పెట్టి చేతికిచ్చారు. మూడు వందల పన్నెండో నంబరు.

"దిగులు పెట్టుకోకమ్మా," అన్నారు. "ఇప్పుడు లైను గబగబా కదులుతోంది. తొమ్మిది నెలలు తిరక్కుండానే మీ అత్తగారు మళ్లీ పదిహేడుకి వచ్చేస్తారు."